లండన్‌లో మా ఊరి పటేలు కొడుకు

జహీరాబాద్ మిషన్ దవాఖానకు ఎక్స్‌రే యంత్రం వచ్చిన రెండేళ్లకు దాన్ని నడిపే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆ యంత్రం ఓడలో వచ్చి, రైలెక్కి, స్టేషన్ నుంచి ఎడ్లబండి మీద దవాఖానకు చేరింది. చెక్కపెట్టె విప్పకుండానే దాన్ని వరండా చివరి గదిలో పెట్టారు. నర్సులు దాని మీద ఉతికిన దుప్పట్లు మడతపెట్టి పేర్చేవాళ్లు. ఊళ్లోకి కరెంటు అప్పుడప్పుడే వస్తోంది. పెద్ద డాక్టరమ్మ తెల్లావిడ. ఒకరోజు నన్ను పిలిచి, లండన్ వెళ్లి రెండేళ్లలో ఈ పని నేర్చుకొని రాగలవా అని అడిగింది. నేనప్పటికి హైదరాబాద్‌లో ఇంటర్ పూర్తిచేసి వచ్చి, దవాఖాన ల్యాబులో నెత్తుటి పరీక్షలు, మూత్ర పరీక్షలు చేస్తున్నాను. నాకు ఇరవై రెండేళ్లు. వెళ్తానన్నాను. పెద్దగా ఆలోచించి అన్నానని చెప్పలేను.

మాది న్యాల్‌కల్ దగ్గర ఒక ఊరు. మా ఇళ్లు ఊరి బయట ఉండేవి. నేను పుట్టకముందే మావాళ్లు మిషన్‌లో కలిశారు. పేర్లు మారాయి, ఆదివారం ప్రార్థన వచ్చింది, పని మాత్రం మారలేదు. మా నాయన పటేలు గారింట్లో జీతానికి ఉండేవాడు. వాళ్ల తోట బావి దగ్గర ఎడ్లతో నీళ్లు తోడే మోట తోలేవాడు. అమ్మ జహీరాబాద్ దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. ఆమె వెనకాలే నేను మిషన్ బడి హాస్టల్లో చేరాను. మా చెల్లెను ఊళ్లోనే ఇచ్చారు. బావ కూడా పటేలు గారి భూమే పాలుకు చేసేవాడు.

లండన్ సంగతి చెప్పడానికి ఊరికి వెళ్లినప్పుడు నాయన ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు.

"ఎన్ని దినాలు?" అన్నాడు.

"రెండేండ్లు."

"పటేలుకు చెప్పి పో. చిన్నపటేలు గూడ గాడనే ఉన్నడంట. కనవడితే దండం పెట్టు. ఏమన్న పని జెప్తే చెయ్యి."

పటేలు గారి చిన్నకొడుకు బారిస్టరు చదువుకు లండన్ వెళ్లాడని ఊళ్లో అందరికీ తెలుసు. నాయన లెక్కలో లండన్ అంటే న్యాల్‌కల్ కన్నా కొంచెం పెద్ద ఊరు. నేను సరేనన్నాను. అంత పెద్ద పట్నంలో ఆయన నాకెక్కడ కనపడతాడులే అనుకున్నాను.

బొంబాయిలో ఓడ ఎక్కాను. సముద్రం మీద మూడు వారాలకు దగ్గరగా పట్టింది. అందులో సగం రోజులు వాంతులతోనే పోయాయి. లండన్‌లో దిగేసరికి అక్టోబరు. చలి ముదిరేసరికి పగలు మూడున్నరకే దీపాలు వెలిగేవి.

నేను చేరిన దవాఖానలో ఎక్స్‌రే విభాగం నేలమాళిగలో ఉండేది. పొద్దున చీకట్లో మెట్లు దిగితే, సాయంత్రం చీకట్లోనే మెట్లెక్కేవాణ్ని. వారంలో మూడు రోజులు క్లాసులు, మిగతా రోజులు పని. మొదటి ఆరునెలలు నన్ను రోగుల దగ్గరికి రానివ్వలేదు. ఫిల్ములు కడిగే చీకటిగదిలో పెట్టారు. ఎర్రబల్బు ఒకటి వెలుగుతుండేది. ఫిల్ము ఒక తొట్టిలో ముంచి, తీసి, ఇంకో తొట్టిలో ముంచి, నీళ్లలో వేసి, తీగకు తగిలించాలి. ఆ మందు వాసన గోళ్లలోకి దిగి, తిండి తింటున్నప్పుడు కూడా వచ్చేది. పని కష్టమైంది కాదు. నేను చేస్తుంటే ఎవరూ చూడరు, నన్నెవరూ ఏమీ అడగరు. నాకది బాగానే ఉండేది. కష్టమల్లా క్లాసులోనే. పాఠం చెప్పే ఆయన మాట సగం ముక్కులోనే ఉండిపోయేది. ఎముకల పేర్లు ఏ భాషవో తెలియక, తెలుగు అక్షరాల్లో రాసుకొని కంఠస్థం చేసేవాణ్ని.

నేనప్పుడు మిషన్ వాళ్ల హాస్టల్లో ఉండేవాణ్ని. అందులో మూడు నెలలకు మించి ఉండనివ్వరు. ఆదివారాలు గది వెతుక్కుంటూ తిరిగేవాణ్ని. గదులు అద్దెకిస్తామన్న చీటీలు దుకాణాల కిటికీలకు అంటించి ఉండేవి. కొన్నింటి మీద కింద ఇంకో వాక్యం ఉండేది, నల్లవాళ్లు రావద్దని. ఊరి బయట పుట్టినవాణ్ని కాబట్టి నాకది కొత్త మాటేమీ కాదు. రాసిపెట్టడం ఒక్కటే కొత్త. రాసి ఉండడం వల్ల తలుపు తట్టే పని తప్పేది.

ఆ తిరుగుళ్లలోనే ఒక ఆదివారం ఇండియా విద్యార్థులు తినే క్యాంటీనుకు వెళ్లాను. అన్నం, పప్పు దొరుకుతాయని ఎవరో చెప్పారు. పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డాను. నా వెనకున్న మనిషి ముందుగానే పప్పు రుచి చూసినట్టున్నాడు, తనలో తాను అనుకుంటున్నాడు.

"గిదేం పప్పు? ఉప్పు లేదు, కారం లేదు."

లండన్ వచ్చాక నేను విన్న మొదటి తెలుగు మాట అది. వెనక్కి తిరిగాను. చిన్నపటేలే. గడ్డం మీద మచ్చ ఉంది. చిన్నప్పుడు గుర్రం మీది నుంచి పడితే తగిలిన దెబ్బ. ఆ దెబ్బ సంగతి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పదేళ్ల వయసులోనే ఆయన్ను చదువుకు హైదరాబాద్ పంపారు. కాబట్టి నేనెవరో ఆయనకు తెలిసే అవకాశం లేదు.

"జహీరాబాద్ దిక్కు గదా మీది?" అన్నాను.

"అరె, నీకెట్ల తెల్సు?"

"మాటల తెలుస్తది."

"నువ్వేడికెల్లి?"

"జహీరాబాదే. మిషన్ దవాఖాన."

అబద్ధం కాదు. సగమే చెప్పాను. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చొని తిన్నాం. నేను చేతులు ఒళ్లో పెట్టుకొని కాసేపు ఊరికే కూర్చున్నానని గుర్తు. ఆయన ముద్ద కలుపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. దొరకని పచ్చిమిరపకాయల గురించి, వాన గురించి, తను రెండుసార్లు తప్పిన పరీక్ష గురించి. పరీక్ష సంగతి ఇంటికి రాయలేదన్నాడు. నేను మీరు మీరు అంటుంటే, "మీరేంది, ఒక్క తావోళ్లం" అన్నాడు.

మూడు ఆదివారాలు అలాగే కలుసుకున్నాం. మూడో ఆదివారం, తన గదిలో ఉండే బెంగాలీ అబ్బాయి వెళ్లిపోయాడని, నన్ను వచ్చి ఉండమని అడిగాడు. అక్కడిదాకా వచ్చాక ఇక దాచి లాభం లేదు. క్యాంటీను పక్కనే ఉన్న టీ దుకాణంలో కూర్చున్నాం. కప్పులు ముందు పెట్టుకొని చెప్పాను.

"ఒక మాట ముందుగాల చెప్పాలె. మా ఇల్లు జహీరాబాద్ల లేదు. మీ ఊర్లనే."

"మా ఊర్లనా? ఎవరింట్ల?"

"మీ తోట బాయికాడ మోట తోలే ఆయన లేడా. ఆయన కొడుకును."

ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు. కిటికీలోంచి ఒక బస్సు పోవడం చూశాడు. ఏమంటాడోనని నేను కంగారుపడలేదు. గది ఇంకోటి వెతుక్కోవాలి, అంతే కదా అనుకున్నాను.

"మీ నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకొని ఝరాసంగం జాతరకు తీస్కపోయిండు," అన్నాడు. "నాకు మంచిగ యాదికున్నది. మిఠాయి కొనిచ్చిండు."

"ఔనా."

"నీకు తెల్వదా?"

తెలియదు. నాయన నన్నెప్పుడూ జాతరకు తీసుకుపోలేదు. మనం మిషన్‌వాళ్లం, జాతరకు పోవద్దని చెప్పేవాడు. అది విన్నప్పుడు నాకు కోపం వచ్చిందని ఇప్పుడు చెబితే కట్టుకథ అవుతుంది. ఎవరో ఇంకొకరి నాయన గురించి విన్నట్టు విన్నాను.

"రూముకు ఎప్పుడొస్తవు?" అని ఆయనే అడిగాడు.

ఆ ఇల్లు ఉత్తరపు వైపు, రైలుకట్టను ఆనుకొని ఉండేది. ఇంటావిడ భర్త పోయిన మనిషి. మాది పై అంతస్తు. రెండు ఇనుప మంచాలు, ఒక బల్ల, ఒక కిటికీ, మూలన ఒక గ్యాస్ పొయ్యి. పొయ్యి పక్కనున్న డబ్బాలో చిల్లర వేస్తేనే మంట. వండుతుండగా ఆరిపోతే జేబులు తడుముకోవాలి. స్నానం వారానికి ఒక్కసారి, అదీ ముందే చెప్పాలి. మేమిద్దరం అన్నదమ్ములమని ఆవిడ మొదటి వారమే తేల్చేసుకుంది. కాదని రెండుసార్లు చెప్పాం. మీ తమ్ముడు తడిబూట్లతో మెట్లెక్కాడని ఆయనకు చెప్పేది. ఆయనే పెద్దవాడని ఎలా తేల్చిందో తెలియదు. వయసులో నేనే ఏడాది పెద్ద.

చేరిన రోజు నుంచే వంట నేను చేశాను. గిన్నెలూ నేనే తోమాను. ఆయన అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. దవాఖాన నుంచి రాగానే కోటు తీసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేవాణ్ని. ఆయన మంచం మీద పడుకొని చదువుకుంటూ ఉండేవాడు. నాలుగో రోజో ఐదో రోజో అన్నం పెట్టి, "పటేలా, లే" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

"ఈడ పటేలెవడు?" అన్నాడు పుస్తకంలోంచి తలెత్తకుండా.

"మరేమనాలె?"

ఇద్దరం కాసేపు ఆలోచించాం. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అన్నా అంటే వరస కలిపినట్టవుతుంది. చివరికి భాయ్ అని కుదిరింది. ఆ మాట ఎవరు ఎవరినైనా అనొచ్చు. జహీరాబాద్ మోటారు స్టాండులో అంతా అదే కదా అనుకున్నాం.

ఫిబ్రవరిలో నాకు జ్వరం వచ్చింది. వారం రోజులు లేవలేదు. నేలమాళిగలో అందరూ దగ్గుతూనే ఉండేవాళ్లు, అక్కడే అంటుకున్నట్టుంది. మొదటిరోజు ఆయన రొట్టె, పాలు తెచ్చి పెట్టాడు. రెండోరోజు గంజి కాస్తానని కూర్చున్నాడు. గంజి గిన్నెకు పట్టి మాడింది. ఆ గిన్నె ఎలా తోమాలో తెలియక, కిందికి తీసుకెళ్లి ఇంటావిడను అడిగాడు. ఆవిడ ఒక బ్రష్షు ఇచ్చి, పక్కన నిలబడి తోమించింది. పైకి వచ్చేసరికి చొక్కా చేతులు మోచేతిదాకా తడిసిపోయాయి. చేతులు చూసుకుంటూ, "గోర్లల్ల మసి పోతలేదు భాయ్" అన్నాడు. నేను నవ్వాను. జ్వరం తగ్గాక కూడా ఒకపూట నేను, ఒకపూట ఆయన అన్నట్టు జరిగిపోయింది. దాని గురించి మేం కూర్చొని మాట్లాడుకున్నది లేదు.

ఆయన వంట ఎప్పటికీ బాగుపడలేదు.

ఒకసారి ఇండియా సరుకులమ్మే దుకాణంలో జొన్నపిండి దొరికింది. పాతది, కొంచెం చేదుగా ఉంది. అయినా కొనుక్కొచ్చాం. పిండి ముందు పెట్టుకొని కూర్చున్నాక గానీ ఇద్దరికీ రొట్టె చేయడం రాదని తేలలేదు.

"మీ అమ్మ ఎట్ల చేస్తది?" అన్నాడు.

"నేను హాస్టల్ల పెరిగిన. చూసింది తక్వ. మీ ఇంట్ల?"

"మా ఇంట్ల అమ్మ చెయ్యది. వంటామె చేస్తది. నేను అటు దిక్కు పోలే."

వేడినీళ్లతో పిండి తడపాలని నాకు గుర్తొచ్చింది. ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో తిప్పాలని ఆయనకు గుర్తొచ్చింది. బల్ల మీద పత్రిక పరిచి, దాని మీద తట్టాం. మొదటి రొట్టె నాలుగు ముక్కలైంది. రెండోదానికి పత్రికలోని అచ్చు అంటుకుంది. ఆ చప్పుడుకు ఇంటావిడ పైకి వచ్చి, గోడకు ఏమైనా కొడుతున్నారా అని తలుపు దగ్గర నిలబడి అడిగింది. ఆమెకూ ఒక ముక్క ఇచ్చాం. నమిలి, ఇది గుర్రాలకు పెట్టేదా అని మర్యాదగానే అడిగింది. మేమిద్దరం ఆ ముక్కల్లోకి కారం, నూనె కలుపుకొని పిండి అయిపోయేదాకా తిన్నాం. ఆ కారం వాళ్లమ్మ పంపిందే. కింద ఊరి పేరు రాసి ఉన్న గుడ్డమూట ఓడలో ఎవరి చేతనో వచ్చింది.

ఆదివారాలు నేను చర్చికి వెళ్లేవాణ్ని. చలికాలంలో ఆయన కూడా వచ్చేవాడు. చర్చిలో వేడి పెట్టేవాళ్లు, ప్రార్థన అయ్యాక టీ, బిస్కట్లు ఇచ్చేవాళ్లు. పాటలు నాకన్నా గట్టిగా పాడేవాడు. ఫాదర్ ఆయన్నే మంచి క్రైస్తవుడనుకొని, పిల్లలకు ఇండియా గురించి చెప్పమని పిలిచాడు. వెళ్లి చెప్పి వచ్చాడు కూడా.

సాయంత్రాలు నాకు ఎముకల పేర్లు అప్పజెప్పించేవాడు. ఆయనకు ఇంగ్లీషు నాలుక మీద ఉండేది. నేను తెలుగులో రాసుకున్న పేర్లు చూసి పగలబడి నవ్వి, ఒక్కొక్కటీ సరిగ్గా పలికించేవాడు. నేను మొదటి ఏడాది పరీక్ష గట్టెక్కానంటే అందులో ఆయన పాలు ఉంది. ఆయన మాత్రం ఆ ఏడు కూడా తప్పాడు. ఫలితం చూసి వచ్చి, బూట్లు విప్పకుండానే పడుకొని, "భూమున్నది గదా, నాకు చదువెందుకు అని మా నాయిన అననే అంటడు" అన్నాడు. "గా మాట పడకుండ ఉండెటందుకన్న పాస్ గావాలె."

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. రెండో ఏడాది ఎండాకాలంలో ఆయన దగ్గరి చుట్టం ఒకాయన బొంబాయి నుంచి వచ్చాడు. ముందు కబురు లేదు. గదిలోకి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి, ఎవరన్నట్టు కళ్లెగరేశాడు.

"మన ఊరాయననే," అన్నాడు నా స్నేహితుడు. నా వైపు చూడకుండా, "జర చాయ పెట్టు" అన్నాడు. భాయ్ అనలేదు.

పెట్టాను. రెండు కప్పులు తెచ్చి వాళ్లిద్దరికీ ఇచ్చాను. నా కప్పు పోసుకోలేదు. చుట్టం గంటసేపు పొలాల గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడి వెళ్లిపోయాడు. ఆయన దిగి వెళ్లాక మేమిద్దరం మామూలుగానే తిన్నాం. మర్నాడు నేను లేచేసరికి గదిలోని గిన్నెలు, పళ్లేలు, మాడుపట్టిన పెనం, అన్నీ తోమి కిటికీ దగ్గర బోర్లించి ఉన్నాయి. నేను వాడినవి, వాడనివి అన్నీ. ఆయన అప్పటికే బయటికి వెళ్లాడు. ఆ వారం వంట కూడా ఆయనే చేశాడు. తినలేక చచ్చాను.

నేను నెలకొక ఉత్తరం ఇంటికి రాసేవాణ్ని. అమ్మానాయనలకు చదువు రాదు. మిషన్ బడి పంతులు దవాఖాన వరండాలో కూర్చొని అమ్మకు చదివి వినిపించేవాడు. చుట్టూ నర్సులు, రోగుల వెంట వచ్చినవాళ్లు కూడా వినేవాళ్లు. అందుకని నేను చలి గురించి, మంచు గురించి, భూమి కింద నడిచే రైళ్ల గురించి రాసేవాణ్ని. గదిలో నాతో ఎవరుంటున్నారో రెండేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. ఆయన తన ఇంటికి ఏం రాశాడో నేను అడగలేదు.

చివరి పరీక్ష పాసయ్యాను. ఓడ ఎక్కేరోజు ఆయన రైల్వే స్టేషన్ దాకా వచ్చి పెట్టె మోశాడు. "పాసైనంక నేను గూడ వస్త. దవాఖాన్ల కలుస్త," అన్నాడు. అంతే.

బొంబాయి నుంచి వికారాబాద్‌కు, అక్కడ బండి మారి జహీరాబాద్‌కు వచ్చాను. దవాఖానలో ఎక్స్‌రే యంత్రం పెట్టె విప్పాం. తేమకు రెండు తీగలు తప్ప ఏమీ పాడుకాలేదు. నాకు కాంపౌండులోనే రెండుగదుల క్వార్టరు ఇచ్చారు. మొదటి ఆదివారం నాయన చూడడానికి వచ్చాడు. అమ్మ, నాయన, నేను కూర్చొని తింటున్నాం.

"చిన్నపటేలు కనవడ్డడా?" అన్నాడు నాయన.

చెప్పాను. ఒకే గదిలో ఉన్నామని, కలిసి వండుకున్నామని, జ్వరమొస్తే గంజి కాచాడని, నా పళ్లెం తోమాడని. నాయన సంతోషపడతాడనుకున్నాను. నేను చెబుతుండగానే ఆయన తినడం ఆపేశాడు.

"ఇంకెవరికి జెప్పినవు?"

"ఎవరికి జెప్పలే."

"చెప్పకు. గా ముచ్చట ఈడనే ఇడిసిపెట్టు. పంతులుకు గూడ అనకు."

అమ్మ మధ్యలో, "మంచి ముచ్చటనే గదా" అంది.

"నీకు తెల్వదు," అన్నాడు నాయన. చేయి కడుక్కొని లేచాడు.

ఇంకో ఏడాదిన్నరకు నా స్నేహితుడు బారిస్టరై వచ్చాడు. వచ్చాడని విన్నాను. ఊరికి వెళ్లి కలవలేదు. నెల తర్వాత వాళ్లమ్మ బావి గట్టున జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆయనే జీపులో దవాఖానకు తీసుకొచ్చాడు. ఎక్స్‌రే గదిలోకి ముగ్గురం వెళ్లాం. నేను ఆమె చేయి పట్టుకొని బల్ల మీద సరిగ్గా పెట్టాలి. పెట్టాను. నొప్పికి కళ్లు మూసుకొని ఉంది. తెరిచాక నన్ను చూసింది.

"ఎవరి పిలగానివి బిడ్డా?"

చెప్పాను.

"గాయిన కొడుకువా. ఇంత పని నేర్చినవా." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "లండన్ల మావోడు కనవడుతుండెనా?"

నేను ఫిల్ము తీస్తున్నట్టు అటు తిరిగాను. జవాబు ఆయనే చెప్పాడు.

"ఒక్క రూంల ఉంటిమి అమ్మా. రెండేండ్లు దగ్గర దగ్గర."

"వంటెవరు చేసెటోళ్లు?"

"ఒకపూట నేను, ఒకపూట ఈయన."

"ఒక్క గిన్నెలనే?"

"వండెటందుకు ఉన్నదే ఒక్క గిన్నె."

ఆమె విరిగిన చేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "దూరదేశంల ఏం జేస్తరు" అంది. చేతికి పట్టీ ఎప్పుడు వేస్తారని అడిగింది. నెల తర్వాత పట్టీ విప్పించుకోవడానికి కూడా మా దవాఖానకే వచ్చింది.

కానీ ఎక్స్‌రే గదిలో జరిగిన మాట నాయన చెవిన పడినట్టుంది, ఆ వారమే మూట పట్టుకొని నా క్వార్టరుకు వచ్చేశాడు. మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. ఊళ్లో ఎవరో ఏదో అన్నారా అని అడిగితే, ఎవరూ ఏమీ అనలేదన్నాడు. ఎవరైనా అంటారేమోనని వచ్చేశాడని నాకు అర్థమైంది. మూడు వారాలు వరండాలో కూర్చొని, వచ్చిపోయే రోగులను చూస్తూ గడిపాడు. చేతుల్లో పని లేకపోతే ఆయన చాలా ముసలివాడిలా కనిపించాడు.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు, నా స్నేహితుడు. ఎండలో స్టేషన్ వైపు నుంచి నడిచి వచ్చాడు. నాయన లేచి నిలబడి, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాయికాడ ఎడ్లు నీ మాటే ఇంటయి," అన్నాడు మా నాయనతో. "ఎవరొచ్చినా కదుల్తలేవు. నీకేం ఫికర్ లేదు, రా. మా అమ్మకు జెప్పింది నేను. నీ కొడుకు గాదు."

"వస్త పటేలా. మోకాళ్లు జర తక్వయితె వస్త."

కుర్చీ ఉంది. ఆయన కూర్చోలేదు, నాయన నిలబడి ఉన్నాడు కాబట్టి. నుదురు తుడుచుకొని నా వైపు తిరిగి, "భాయ్, జర నీళ్లియ్యి, దూపయితున్నది" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి నీళ్ల రంజన్లో చెంబు ముంచాను. గడప దగ్గరికి వచ్చేసరికి నాయన నా వైపు చూస్తున్నాడు. తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా ఊపాడు. తర్వాత ఆయన వైపు తిరిగి చెప్పాడు.

"స్టేషన్ కాడ హోటల్ ఉన్నది పటేలా. నీళ్లు సల్లగుంటయి. చాయ గూడ దొరుకుతది."

నేను చెంబు పట్టుకొని గడపలోనే నిలబడ్డాను. రెండేళ్లు ఆయనకు అన్నం పెట్టాను, ఆయన చేతి గంజి తాగాను. ఆ నాలుగడుగులు వేయలేకపోయాను. ఆయన చెంబును చూశాడు, నన్ను చూశాడు. సరే, హోటల్ దగ్గరే తాగుతానన్నాడు. వెళ్లిపోయాడు.

ఆయన కాంపౌండు దాటాక నాయనను అడిగాను, ఎందుకట్ల చేసినవని. నాయన కూర్చున్నాడు.

"మనమిస్తె ఆయన తాగుతడు. నాకెర్కే. తాగి హైద్రాబాద్ పోతడు. నీ చెల్లె గా ఊర్లనే ఉంటది."

చెంబులోని నీళ్లు నేనే తాగాను.

మరుసటి సోమవారం నాయన ఊరికి వెళ్లి పనిలో చేరాడు. బావ పాలుకు చేస్తున్న భూమి పోలేదు. నాయన భయపడినవేవీ జరగలేదు. జరగకపోవడం వల్ల ఆయన భయం తప్పని నేను ఇప్పటికీ అనలేను.

మరుసటి ఏడు ఎక్స్‌రే ఫిల్ములు తేవడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు, హైకోర్టు దగ్గర నా స్నేహితుడి గది వెతుక్కుంటూ వెళ్లాను. కిందే వంటమనిషి ఉన్నాడు. అయినా తనే లేచి స్టవ్వు వెలిగించి ఉప్మా చేశాడు. అందులో ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం తిన్నాం. తింటుండగా ఆ రోజు సంగతి ఎత్తాను.

"నీళ్ల ముచ్చటల తప్పు నాదే భాయ్," అన్నాను.

ఆయన నా పళ్లెంలో ఇంకో గరిటె ఉప్మా వేశాడు.

"నాకు దూప గాలే గారోజు," అన్నాడు. "స్టేషన్ల తాగే వచ్చిన. మీ నాయిన ముంగట తాగాలనుకున్న. ఆయన మనసుల ఏమున్నదో అడుగలేదు. గది నా తప్పు."

అప్పటికి బయట కోర్టు గుమస్తా ఎవరో కాగితాలతో వచ్చి నిలబడ్డాడు. ఆయన చేయి కడుక్కొని వెళ్లి మాట్లాడి వచ్చాడు. నేను బస్సుకు టైమవుతోందని లేచాను. ఫిల్ముల పెట్టె బరువుగా ఉంటే మెట్ల దాకా చేయి వేశాడు.

ఆ తర్వాత కూడా మేం ఏడాదికి ఒకటి రెండుసార్లు కలుసుకున్నాం, ఎప్పుడూ హైదరాబాద్‌లోనే. ఊరికి ఆయన వచ్చిన రోజుల్లో నేను వెళ్లేవాణ్ని కాదు. అలా ఒప్పందమేమీ చేసుకోలేదు. నాయన ఇంకా చాలా ఏళ్లు పటేలు వాళ్ల తోటలోనే పనిచేశాడు. ఈలోగా బావి మీద ఇంజను పెట్టారు, మోట తీసేశారు. ఇంజను దగ్గర కూడా కాపలా ఆయనదే.